చెవి వెనక బొటనవేలు

మా అత్తయ్యకి ముక్కు మీద కోపం అన్నది మా ఇంటికి వచ్చినవాళ్లకి మొట్టమొదట చెప్పే మాట. చేతికి మంచినీళ్లు ఇవ్వకముందే చెప్పేస్తారు. ఆ కోపం ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను. ఆవిడ మా నాన్నకి అక్క, నాకు మేనత్త. ఆ ముక్కే నాకూ వచ్చింది కాబట్టి తాపీగా చెబుతానని ఆశ పెట్టుకోకండి.

మాది విగ్రహాలు చేసే కార్ఖానా. రేకుల కప్పు కింద పొడుగాటి గది, ఒక చివర తడిమట్టి తొట్లు, ఇంకో చివర ప్లాస్టర్ బస్తాలు, మధ్యలో గిర్రున తిరిగే బల్లలు. ముందు ఇనప చువ్వలతో ఎముకల గూడు కడతాం. దాని మీద మట్టి పెట్టి మనిషిని చేస్తాం. ఆ మట్టి మీద అచ్చు తీసి, అచ్చులో ప్లాస్టర్ పోస్తాం. కాళ్లూ చేతులూ బట్టల మడతలూ ఎవరైనా చేస్తారు గాని, మొహం మాత్రం అత్తయ్యే చెయ్యాలి. పనివాళ్లు ఆవిడని మొహాలక్క అంటారు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, వచ్చేవాడి మొహం కూడా తనే దిద్దాల్సొస్తుందని భయపడ్డానని చెప్పేది.

మా తాత పెట్టిన పద్ధతి ఒకటుంది. మొహం చేసిన మనిషి, మట్టి ఇంకా మెత్తగా ఉండగానే, విగ్రహం కుడిచెవి వెనక బొటనవేలు నొక్కాలి. అచ్చుతో పాటు ఆ ముద్ర కూడా ప్లాస్టర్‌లోకి దిగుతుంది. జుట్టు చాటున ఉంటుంది కాబట్టి చూడవచ్చినవాళ్లకి కనపడదు. మాకు మాత్రం తెలుస్తుంది. పాత విగ్రహం ఏదైనా మరమ్మతుకి వస్తే ముందు దాని చెవి వెనక తడుముతాం, ఎవరి పనో చూద్దామని. మా పనిలో సంతకమంటే అదే.

తాత ఆ నోటితోనే ఇంకో మాట కూడా అన్నాడు, ఆడవాళ్ల వేలు పడకూడదని. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక మొహాలు అత్తయ్యకి వచ్చాయి, వేలు మాత్రం నాన్నకి పోయింది. నాన్న పని ఆఫీసు గదిలో. ఫోన్లు, బేరాలు, వచ్చినవాళ్లకి నవ్వుతూ కుర్చీ చూపించడం. అత్తయ్య మొహం పూర్తిచేసి "తమ్ముడూ, రా" అని పిలిచేది. ఆయన చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చి, ఒక్క వేలు నొక్కి, రుమాలుతో తుడుచుకుని వెళ్లిపోయేవాడు. నేను పుట్టకముందు నుంచీ ఇదే వరస. చిన్నప్పుడు నాన్న వేలు పెడితేనే బొమ్మలకి ప్రాణం వస్తుందనుకునేదాన్ని. ఇప్పుడు అది గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

అత్తయ్య పడి ఉండే మనిషేం కాదు. ఉండి ఉండి ఒకసారి ఒంటికాలి మీద లేచేది. తను కన్నవాళ్లకి ఇంకొకడి ఇంటిపేరు పెట్టినట్టుందనేది. అప్పుడు నాన్న స్వయంగా టీ పెట్టి, కప్పు పట్టుకెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చునేవాడు. నీదీ నాదీ అని మనలో ఉందా అక్కా అనేవాడు. వేలు నాదైతే ఏం, చెయ్యి నీదేగా అనేవాడు. టీ అయ్యేసరికి ఆవిడ కోపం సగం చల్లారేది. మిగతా సగం మట్టిలోకి పోయేది. ఆవిడ చేసిన మొహాలు ఎదుటివాళ్లని నిలదీసినట్టు చూస్తాయని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఎలా వచ్చిందా చూపు అని ఒక్కరూ అడగలేదు.

ఇంట్లో ఆవిడ మీద ఒక పాత జోకు కూడా ఉండేది. వేలు పెట్టి తెరిచే ఫోను కొనిచ్చాం. అది ఆవిడ వేలికి ఎన్నిసార్లు పెట్టినా తెరుచుకునేది కాదు. నిన్ను నీ ఫోనే గుర్తుపట్టడం లేదు అక్కా అని నాన్న పగలబడి నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం.

అలా ఉండగా పెద్ద పని వచ్చింది. కొత్తగా కట్టిన ప్రదర్శనశాలలో ఒక హాలు నిండా లోకంలోని శక్తిమంతులైన స్త్రీలు, రాణులు, దేవతలు కావాలన్నారు. ఆ శాలకి పెద్ద అయిన ఆవిడని మేం హాలు మేడమ్ అనేవాళ్లం. ఆవిడ బొమ్మల కాగితాలు పట్టుకొచ్చి ఒక్కొక్కరి కథా చెప్పేది. అత్తయ్య మట్టి పిసుకుతూ వినేది.

ఈజిప్టుని ఏలిన హత్‌షెప్సుత్‌కి గడ్డం పెట్టమంది. రాజంటే గడ్డం ఉండాలి కాబట్టి ఆవిడ విగ్రహాలకి పెట్టుడుగడ్డం పెట్టేవారట. అంత చేసినా ఆవిడ పోయాక విగ్రహాలు పగలగొట్టి, గోడల మీద పేరు ఉలితో గీకేశారట. రుద్రమదేవిని కొడుకని చెప్పి పెంచి, మగపేరుతో రాజ్యం చేయించారట. తన కూతుళ్లని పాడుచేసిన రోమన్ల ఊళ్లు తగలబెట్టిన బ్రిటన్ రాణి బౌడికా ఇంకొకావిడ. గ్రీకుల అథీనా తండ్రి తలలోంచి కవచంతో సహా పుట్టిందంటే నాన్నకి ఆ కథ తెగ నచ్చేసింది. ఆఫీసు గదిలోకి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. మరి తల్లి ఏమైందని అత్తయ్య అడిగింది. తండ్రి అంతకుముందే ఆవిడని మింగేశాడని మేడమ్ చెప్పింది. దుర్గ దగ్గరికి వచ్చేసరికి ఏ చేతిలో ఏ దేవుడిచ్చిన ఆయుధం ఉండాలో వివరంగా రాసుకొచ్చింది. పొడిచింది ఎవరో కూడా రాశారా అని అత్తయ్య ఆరాతీసింది.

మేడమ్ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒక్కొక్క విగ్రహం లేస్తున్నకొద్దీ, ఒక్కొక్క చెవి వెనకా నాన్న వేలు దిగుతున్నకొద్దీ, నాకే పళ్లు పటపట కొరకాలనిపించేది. ఇంతమంది మహారాణులు నిలబడి ఉన్నారు, ఒక్కరికీ చేసినావిడ గుర్తు లేదు.

చివరిది ఈజిప్టువాళ్ల దేవత సెఖ్మెత్. ఆడమనిషి ఒంటికి సింహం తల. మనుషులు తిరగబడ్డారని సూర్యదేవుడే ఆవిడని పంపించాడట. నరకడం మొదలుపెట్టాక ఆపమంటే ఆగలేదట. అప్పుడు కుండలకొద్దీ బీరులో ఎర్రరంగు కలిపి నేలంతా పారబోశారు. రక్తమనుకుని తాగి, మత్తెక్కి పడుకుంది. లేచేసరికి కోపం లేదు.

అత్తయ్య చేతిలోని మట్టి కింద పెట్టింది.

"పంపింది వాళ్లే. పని చేయించుకున్నదీ వాళ్లే. చివరికి ఏదో ఒకటి తాగించి పడుకోబెట్టేశారు."

ఆ మాట అంటున్నప్పుడు పక్కన స్టూలు మీద నాన్న పెట్టిన టీ ఉంది. ఆ రోజు ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. ఆ సాయంత్రమే ఆఫీసు గదిలోకి వెళ్లి, ఈ సింహం మొహానికి వేలు తనే నొక్కుతానని చెప్పింది. ఒక్కదానికి, అంతే. నాన్న ఫోన్లోంచి తల ఎత్తకుండా చూద్దాంలే అక్కా అన్నాడు. మా ఇంట్లో చూద్దాంలే అంటే ఏమిటో నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. అయినా అడిగింది, ఇన్నేళ్లలో మొదటిసారి.

ఆ మొహం చూస్తే మీకు అర్థమయ్యేది. నోరు పూర్తిగా తెరిచి ఉంది. మెడ నరాలు తేలి ఉన్నాయి. కళ్లలో ఏడుపు లేదు, వేడుకోలు లేదు. మేడమ్ వచ్చి చూసి రెండడుగులు వెనక్కి వేసింది. పిల్లలతో కుటుంబాలు వస్తాయి, భయపడతారు, నోరు మూయించి కాస్త ప్రశాంతంగా చెయ్యండి అంది. పాత విగ్రహాల్లో కూడా శాంతంగానే ఉంటుందని ఫొటోలు చూపించింది. ఆ పాతవి చెక్కింది కూడా ఎవరో తమ్ముళ్లే అయ్యుంటారని అత్తయ్య అంది, నోరు మాత్రం మూయించనంది. మేడమ్ నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్లింది. అద్దంలోంచి నాన్న తల ఊపడం నాకు కనపడింది.

మర్నాడు అత్తయ్యా నేనూ అన్నం తిని వచ్చేసరికి సింహం నోరు మూసుకుని ఉంది. మూసుకోవడమే కాదు, పెదాల చివర చిన్న నవ్వు కూడా. నాన్న చేతులు మోచేతుల దాకా మట్టి. తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. సింహం కుడిచెంప మీద, జూలు అంచున, లోతుగా ఒక గుంట ఉంది.

అదేమిటో ముందు నాకు బోధపడలేదు. పడ్డాక అరికాలి మంట నెత్తికెక్కింది. వేలు. ఆయన అలవాటు కొద్దీ మనిషికి చెవి ఉండే చోట జూలు పక్కకి తోసి నొక్కేశాడు. సింహం చెవులు నెత్తిమీద గుండ్రంగా నిలబడి ఉన్నాయి. అన్ని వారాలుగా ఆఫీసు అద్దానికి ఎదురుగానే ఉన్న మొహం అది. ఆయన ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు. ఏ మొహాన్నీ చూడలేదు. వచ్చి, తడిమి, నొక్కి, పోయాడు.

మేడమ్ కూడా అప్పుడే వచ్చింది. నవ్వు చూసి సంతోషించి, గుంట చూసి, ఇదేమిటని అడిగింది. నాన్న రుమాలు కోసం జేబు తడుముకున్నాడు. అమ్మ అక్కడ ఉంటే నా నోరు నొక్కేది, అదృష్టం కొద్దీ లేదు.

"మొహం చేసినవాళ్లు చెవి వెనక వేలు నొక్కాలండీ, అది మా పద్ధతి. సింహానికి చెవి ఎక్కడుంటుందో మా నాన్నకి తెలీదు."

పనివాళ్లలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. అత్తయ్య నవ్వలేదు, అరవలేదు. ఉలి తీసుకుని, నన్ను ప్లాస్టర్ కలపమని చెప్పి, పూర్తయి నిలబడి ఉన్న విగ్రహాల వైపు వెళ్లింది. స్టూలు ఎక్కి హత్‌షెప్సుత్ చెవి వెనక ఉలి పెట్టి, నాన్న వేలిముద్రని శుభ్రంగా గీకేసింది. తెల్లటి పొడి ఆ పెట్టుడుగడ్డం మీద రాలింది.

నాన్న పరిగెత్తుకొచ్చాడు. వచ్చినవాళ్ల ముందు ఇంటి పరువు తియ్యొద్దన్నాడు. మన నాన్నగారి మాట తీసేస్తావా అన్నాడు.

"మన నాన్న రెండు మాటలన్నాడు. మొహం చేసినవాళ్లే నొక్కాలన్నాడు, ఆడదాని వేలు పడకూడదన్నాడు. రెండూ కలవవురా. నేను మొదటిది వింటున్నా."

దిగి, అథీనా దగ్గరికి వెళ్లింది. తర్వాత బౌడికా. మేడమ్ ఆపమనలేదు. తన కాగితాలు ఛాతీకి అదుముకుని చూస్తూ నిలబడింది. నేను ప్లాస్టర్ గిన్నె పట్టుకుని వెంట నడిచాను. నాన్న మాయమయ్యాడు. ఎటు పోయాడో నాకు తెలుసు. కాసేపటికి పొగలు కక్కుతున్న టీ కప్పుతో వచ్చాడు. గొంతు మెత్తగా చేసుకుని, ముందు ఇది తాగు అక్కా, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు.

గిన్నె విసిరేద్దామనుకున్నాను. అత్తయ్య మాత్రం స్టూలు మీదే కూర్చుని కప్పు అందుకుంది. ఊదుకుంటూ అడుగుదాకా తాగింది. అయిపోయిందిక, పడుకోబెట్టేశారు అనుకున్నాను. నాన్న మొహంలో పాత నవ్వు మొదలైంది కూడా. ఆవిడ ఖాళీ కప్పు ఆయన చేతిలో పెట్టి, పంచదార తక్కువైందని చెప్పి, మళ్లీ ఉలి అందుకుంది.

గీకడం అయ్యాక ఒక్కొక్క చెవి వెనకా తడి ప్లాస్టర్ పూసి బొటనవేలు నొక్కుతూ వచ్చింది. మొదటిది నొక్కి తీయగానే నేను వంగి చూశాను. గుంట ఉంది. లోపల ఒక్క గీత లేదు. సరిగా పడలేదేమో మళ్లీ నొక్కమన్నాను. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే, గుడ్డుపెంకులా నునుపు.

అప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పాను. వేలి మీద గీతలు లేవు. మట్టీ సున్నమూ ప్లాస్టరూ ఇన్నేళ్లుగా అరగదీసేశాయి. ఫోను తెరుచుకోకపోతే నవ్వాం మేం. అటు సింహం చెంప మీద నాన్న వేలు సుడులు సుడులుగా, ఒక్క గీత చెదరకుండా, నిన్న పుట్టిన పిల్లాడి వేలంత స్పష్టంగా ఉంది. ఆయనా చూశాడు. ఖాళీ కప్పు పట్టుకుని తన బొటనవేలు వైపు చూసుకున్నాడు.

అత్తయ్య చెయ్యి లాక్కుంది.

"ఏం చూస్తావ్, బాగానే పడింది. ఇక మీదట ఏ చెవి వెనకైనా గీతలు కనిపిస్తే, అది మొహం చేసిన చెయ్యి కాదని తెలుసుకో."

తర్వాత సింహం ముందు నిలబడి, చాకు పెదాల మధ్య దూర్చి, నోరు తెరవడం మొదలుపెట్టింది. మేడమ్ ఫొటోలని కాగితాల అడుక్కి తోసేసింది. నేను తడి బట్టతో ఆ చెంప మీది గీతల్ని రుద్దాను, ఒక్కటి కూడా మిగలకుండా రుద్దాను.