మామగారి రోము పళ్ళెం

మా మామగారు చాలా మంచివారని రామచంద్రపురం చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ రోజుల్లో నేను రాజమండ్రిలో పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. మామగారికి కాలవ కింద మంచి మాగాణి ఉండేది. గడ్డివాములు వేసుకునే దిబ్బను చదును చేయిస్తుంటే ఒక పళ్ళెం బయటపడింది. నల్లగా, నున్నగా, ఇంత పలచటి మట్టి సామాను ఉంటుందా అనిపించేలా ఉంది. మధ్యలో గుండ్రంగా, వరుసలు వరుసలుగా సన్నటి గాట్లు. గోటితో కొడితే ఖంగుమనేది. అంచు మీద ఒక్కచోట మాత్రం పెచ్చు ఊడింది.

పన్నుల తనిఖీకి వచ్చి ఆ ఊళ్ళో మకాం వేసిన దొర ఒకాయన దాన్ని చూసి, ఇది వందల ఏళ్ళ కిందట రోము నుంచి ఓడలో వచ్చిందే అని వచ్చీరాని తెలుగులో అన్నాడు. ఎలా చెప్పగలరని అడిగితే, ఇంత నాజూకు పని ఇక్కడివాళ్ళకు ఎలా చేతనవుతుందని ఎదురడిగాడు. అంతటితో ఆయన పరిశోధన అయిపోయింది. మామగారు మాత్రం పొంగిపోయారు. పళ్ళేనికి అద్దాల బీరువాలో, పట్టుగుడ్డ మీద చోటిచ్చారు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, దొర మాటను దొర గొంతుతోనే వినిపించేవారు.

నాకది అవమానంగా తోచింది. మట్టి ఎక్కడిదో మట్టే చెప్పాలి గాని దొర చెప్పడమేమిటి? నిజంగా రోముదేనని తేలితే ఒప్పుకుందామనే అనుకున్నాను. మామగారిని అడిగి, పెచ్చు ఊడిన చోట చిటికెడు గీకి తెచ్చుకున్నాను. తెలిసిన మేష్టారి ద్వారా మద్రాసు నుంచి అసలైన రోము కుండ పెంకు ఒకటి సంపాదించాను. దిబ్బ పక్క బోదె కాలవలోంచి ఒండ్రుమట్టి తీసి, నీళ్ళలో కలిపి, ఇసుక అడుక్కు దిగాక పైన తేరిన మెత్తటి మట్టిని ఉండ చేసి కాల్చాను. మూడింటినీ నూరి, ఆమ్లంలో మరిగించి, దేనిలో ఏది ఎంత ఉందో చూశాను. రోము పెంకులో సున్నం దండిగా తేలింది. పళ్ళెం పొడిలో అది నామమాత్రం, మా మట్టిలోనూ అంతే. భూతద్దం కింద పళ్ళెం పొడిలోనూ మా మట్టిలోనూ ఒకే రకం అభ్రకం తళుకులు కనిపించాయి. రోము పెంకులో ఒక్కటీ లేదు. నమ్మకం కుదరక, మిగిలిన పొడితో మళ్ళీ చేశాను. మళ్ళీ అదే వచ్చింది. ఆ పళ్ళెం మా గోదావరి మట్టి, మావాళ్ళ చేతిపని.

ఆనందం పట్టలేక సెలవు పెట్టి పడవెక్కాను. మామగారు నాకంటే ఎక్కువ సంతోషిస్తారనుకున్నాను. ఆయన అంతా విని, పరీక్షలో పొరపాటు జరిగే వీలు లేదా అని అడిగారు. లేదన్నాను.

మర్నాడు లేచేసరికి బీరువాలో పళ్ళెం లేదు. అత్తగారు ఆ అరను పసుపునీళ్ళతో తుడుస్తున్నారు. పాలేరు చేత కాలవలో వేయించామని తాపీగా చెప్పారు. నేను పరుగెత్తాను. ఊడ్పులకు నీళ్ళు వదిలిన రోజులవి, కాలవ నిండుగా పారుతోంది. దిగి కాళ్ళతో వెతికాను, మునిగి చేతులతో వెతికాను. బురద తప్ప ఏమీ దొరకలేదు. గీకి తెచ్చిన పొడి పరీక్షల్లోనే అయిపోయింది. నా మాట నమ్మనివాడికి చూపించడానికి ఇక నా దగ్గర ఏముంది?

తడిబట్టలతోనే వచ్చి మామగారిని నిలదీశాను. ఆ ఇంట్లో అల్లుడు గొంతు పెంచడం అదే మొదలు.

“ఏంటండి అల్లుడు గారూ, ఎవడో తిని పారేసిన మట్టిచిప్పని ఇంట్లో పెట్టుకుంటామా?” అన్నారు.

“మొన్నటిదాకా పెట్టుకున్నారు కదండీ. రోమువాడు మాత్రం అందులో తినలేదా?”

“వాళ్ళ సంగతి వేరండి. మనవాళ్ళదంటే, తిన్నవాడు ఏ కులంవాడో ఎవరికి తెలుసు?”

దొర వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఆయన కూర్చున్న కుర్చీని కడిగించే ఇల్లది. రోమువాడి ఎంగిలికి మాత్రం పట్టుగుడ్డ. మనవాడు ఎన్ని వందల ఏళ్ళ కిందట పోయాడో తెలియదు, వాడి ఎంగిలి మాత్రం ఇంకా పోలేదు. చేసినవాడి చెయ్యి ఎలాంటిదో ఒక్కరైనా అడగలేదు. ఆ పూట నేను ఆ ఇంట అన్నం ముట్టలేదు.

కోతల నాటికి దొర మళ్ళీ వచ్చాడు. మా ఆవిడ పురిటికి పుట్టింట ఉండడంతో నేనూ అక్కడే ఉన్నాను. వస్తూనే పళ్ళెం ఏదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మామగారు చేతులు కట్టుకుని ముందుకు వచ్చారు.

“మా అల్లుడు గారు పరీక్ష చేస్తానని పట్టుకెళ్ళి పగలగొట్టేశారండి,” అన్నారు.

నా ఎదుటే, నా మొహం చూడకుండా అన్నారు. పళ్ళెం పగలలేదని, కాలవలో వేయించారని, అది గోదావరి మట్టితో ఇక్కడివాళ్ళు చేసిందేనని నేను ఇంగ్లీషులో గబగబా చెప్పాను. అయితే ఏదీ చూపించు అన్నాడు దొర. నేను చూపించలేకపోయాను. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇలాంటివి నాశనం చేసే జాతి వీటిని తయారు చేసిందంటే ఎవడు నమ్ముతాడని ఇంగ్లీషులో అన్నాడు.

మామగారికి ఇంగ్లీషు రాదు. దొర తనను ఓదారుస్తున్నాడనుకుని, “చిత్తమండి, చిత్తమండి” అంటూ నవ్వారు.