బాణం పోయిన రాయి

ఆ రోజుల్లో కోపం నా ముక్కు మీదే కాపురం ఉండేది. న్యూకాసిల్‌లో భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ చదివేవాణ్ని. నేనుండే ఫ్లాట్‌లో వంటా పెత్తనమూ రెండూ కడప అన్నవే. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నాకంటే ఆరేళ్లు పెద్ద. ఊరి పేరే ఆయనకు పేరైపోయింది.) నా చదువు మాత్రం ఒక రాయి మీద ఆధారపడి ఉండేది. స్కాట్లాండ్ వాయవ్యపు కొండల్లో, ఎర్రటి పాత ఇసుకరాయి మీద తెల్లగా పరుచుకున్న కేంబ్రియన్ ఇసుకరాయి పొర ఒకటుంది. యాభై కోట్ల ఏళ్లకు ముందు, సముద్రపు ఒడ్డున పురుగులు ఇసుకలోకి నిలువుగా తవ్వుకున్న బొరియలు అందులో గొట్టాల్లా ఇప్పటికీ కనిపిస్తాయి. వారం రోజులు వానలో నాని, అక్కడి చిన్న దోమలకు భోజనమై, ఒక్క మంచి ముక్క సంపాదించాను. కొండలో ఏ వైపు పైకి ఉండేదో తెలిసేలా దాని మీద నల్ల మార్కర్‌తో బాణం గీశాను. ఆ బాణం లేకపోతే అది ఉత్త రాయి, నా డిసర్టేషన్ ఉత్త కాగితం.

దాన్ని నా డిసర్టేషన్ గైడ్ మేడంకి చూపించాల్సిన రోజుకి ముందురోజు వినాయక చవితి వచ్చింది. సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చేసరికి వంటగదిలో దేవుడి ముందు అన్న లాప్‌టాప్, నా పుస్తకాలు, వాటి పక్కన ఒళ్లంతా పసుపుతో, కుంకుమ బొట్టుతో నా రాయి! బాణం మాత్రం లేదు.

"అన్నా, దీని మీద బాణం ఉండాలి, ఏదీ?"

"ఏందో నల్లగీతలుండెనప్పా. దేవుని కాడ గలీజుగా పెడితే ఎట్ల? స్టీలు పీచు పెట్టి తోమితి, పోయినాయి."

"ఏది పైనో, ఏది కిందో ఇప్పుడు నేనెలా చెప్పేది?"

"కుంకుమ పెట్టిండేదే పైన కదప్పా! దానికింత రాద్ధాంతమా?"

ఏడుపొచ్చింది. నోటికొచ్చినట్టు అరిచాను. ఉండ్రాళ్లు ముట్టనని భీష్మించాను. (కొబ్బరి వేసినవి, ఇప్పటికీ బాధే.) రాయిని కుళాయి కింద పెట్టి పళ్లు కొరుకుతూ తోముతుంటే, పసుపు పైపైన పోయింది కానీ సందుల్లోంచి పోలేదు. విరిగిన పక్క వైపు తిప్పి చూశాను. తెల్లరాతిలో తెల్లగా కలిసిపోయి అంతవరకూ కంటికి సరిగా ఆనని బొరియల అంచులు పచ్చగా బయటపడ్డాయి. ప్రతిదీ ఒక కొస సన్నగా, రెండో కొస గరాటు మూతిలా వెడల్పుగా ఉంది. ఆ మూతి ఉన్నదే పై వైపు, పురుగు బయటికొచ్చే దారి. అంటే అన్న కుంకుమ పెట్టింది సరిగ్గా అడుగున!

మర్నాడు మేడం లెన్స్ పెట్టి చూసి, ఏ రంగు వాడావని అడిగారు. పసుపన్నాను. ఆవిడ దాన్ని శ్రద్ధగా నోట్స్‌లో రాసుకున్నారు. నేను గట్టెక్కాను. ఇంటికొచ్చి అన్నతో థాంక్స్ అన్న మాట అనలేదు, రాయిని తలకిందులుగా పూజించావని మాత్రం మూడుసార్లు చెప్పాను. ఆయన నవ్వి, మిగిలిన ఉండ్రాళ్లు వేడి చేసి పెట్టాడు.

ఇప్పుడు నేనుండేది షెఫీల్డ్‌లో. ప్రతి చవితికీ ఆ రాయిని నేనే కడిగి దేవుడి దగ్గర పెడతాను. ఏది పైనో నాకు బాగా తెలుసు. అయినా బొట్టు మాత్రం అన్న పెట్టిన వైపే పెడతాను.