మండలానికంతా ఒకే ఒక్క బర్బన్ సీసా

మా పినపాక మండలం మొత్తానికి ఒకే ఒక్క బర్బన్ సీసా ఉన్న రోజున, దాన్ని స్వయంగా ప్రభుత్వానికి పట్టించిన ఘనుణ్ని నేనే. అదీ నా పెళ్లి సంబంధం మాట్లాడే పూట, పిల్ల తండ్రి కళ్ల ముందు. నవ్వుకోండి, పర్వాలేదు. కానీ ముందే చెబుతున్నా, తప్పు నాది సగమే. మిగతా సగం మా ఊరి వైన్స్ దుకాణం రాజయ్యది. ఆ సంగతి నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చి, సిగ్నల్ కోసం జనం మేడలెక్కుతున్న కాలమది. మా అక్కను కుసుమంచిలో ఇచ్చాం. బావకు హైదరాబాదులో ఉద్యోగం. బావ చెల్లెలు సుజాతను నాకు చేయాలని అక్క పట్టుదల. పైకి అనకపోయినా నాకు ఇంకా ఎక్కువ పట్టుదల. ఒప్పుకోవాల్సింది మాత్రం సుజాత తండ్రి, అంటే మా మామ. ఆయనకు ఇష్టమైనవి రెండే: మంచి మందు, మితంగా మాట్లాడే మనిషి. రెండోది నా వల్ల కాదని తెలిసి, బావ మొదటిదాని మీదే ఆశ పెట్టుకున్నాడు.

మామ రాబోయే ముందు రోజే బావ అక్కతో మా ఇంట్లో దిగి, సంచిలోంచి పసిబిడ్డను తీసినట్టు ఒక సీసా తీశాడు.

"ఇది బర్బన్ రా. మా అమెరికా సారు ఇచ్చిండు. మొక్కజొన్నతోని చేసి, లోపల కాల్చిన కొత్త చెక్కపీపాల ఏండ్లకేండ్లు పెడతరు. రేపు మా నాయన ఒక్క గుక్క తాగిండంటే నీ పెళ్లి అయినట్టే."

మూత తీసి నాకు కొంచెం పోశాడు. అబ్బబ్బబ్బ! ముందు వెనీలా వాసన, తర్వాత కాల్చిన బెల్లం, చివర్లో మిరియాల పొగరు. నాలుక మీద జాతర దిగినట్టయింది!

"ఘాటుగున్నది బావా."

"రై అనే ధాన్యం ఎక్కువేస్తే గట్ల ఘాటొస్తది. మా నాయనకు గదే ఇష్టం. నీసొంటి కొత్తోళ్లకు గోధుమలు కలిపింది మంచిగుంటది, మెత్తగ దిగుతది. ఊళ్లె మాత్రం ఎవ్వనికి చెప్పకు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక్క సీసాకే మామ సంబంధం ఒప్పుకుంటే, పక్కన రెండోది కూడా పెడితే ముహూర్తం కూడా అక్కడే పెట్టేస్తాడు కదా! ఇదీ నా లెక్క. తెల్లారి వైన్స్ తలుపు తెరవగానే రాజయ్య ముందు నిలబడ్డాను.

"బర్బన్ కావాలె."

"క్వార్టరా, హాఫా?" అనేసి ఆగాడు. "అదేం బ్రాండు?"

"బ్రాండు గాదే, రకం. మొక్కజొన్నతోని చేస్తరు."

"మొక్కజొన్నలు మేం కోళ్లకేస్తం."

పక్కనున్న ఇద్దరు ఇకిలించారు. అక్కడికైనా ఆగానా? "ఘాటుది వద్దు. గోధుమలు కలిపిన మెత్తటిది ఇయ్యి. వెనీలా వాసన రావాలె, కాల్చిన బెల్లం రుచి ఉండాలె, వెనకాల చెక్క వాసన తగలాలె" అన్నాను.

రాజయ్య చేతులు జోడించాడు. "వెనీలా అంటే ఐస్‌క్రీం బండి కాడికి పో. బెల్లం అంటే కిరాణం. చెక్క వాసనంటే మణుగూరు రోడ్డు మీద కట్టెలు కోసే సామిల్లున్నది. ఇది వైన్స్ తమ్మీ!"

దుకాణం ముందు జనమంతా పగలబడి నవ్వారు. అందులో మా పాలాయన కూడా ఉన్నాడు. ఆయన దగ్గర పాలు అప్పుడే మానేశాను.

నా సంగతి మీకు తెలియదు. బస్సు ఆపలేదని డిపోకు, చక్కెర తక్కువ తూచారని తహసీల్దారుకు ఫిర్యాదు చేసినవాణ్ని. ఊరుకుంటానా! దొరికిన మొదటి బస్సుకే మణుగూరు పోయి ఎక్సైజ్ ఎస్సై ముందు కూర్చున్నాను.

"సార్, మా ఊరి వైన్స్‌ల బర్బన్ అమ్ముతలేరు. ఇది జనానికి అన్యాయం."

ఎస్సై మంచి ఓపిక ఉన్న మనిషి. "చూడు తమ్మీ, సర్కారు మందు డిపోల ఉన్నదే షాపుకొస్తది. షాపాయన పోయే సరుకే తెచ్చుకుంటడు. ఇక్కడ పోయేది బ్రాందీ. ఇంకా లోపలికి పోతే కల్లు, ఇప్పసార. విదేశీ సరుకు కొద్దిగనే వస్తది, వచ్చింది హైదరాబాద్ దాటదు. పైగా ఏ సీసాకైనా మన రాష్ట్రం లేబుల్ పడాలె. గిన్ని దాటుకోని బర్బన్ పినపాక దాక ఎట్లొస్తది?"

ఎంత చక్కగా చెప్పాడు! నమస్కారం పెట్టి లేస్తే సరిపోయేది. కానీ "రాదు" అన్న మాట నాకు పడదు.

"ఎందుకు రాదు సార్? వచ్చింది! నిన్ననే తాగిన!"

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. "ఏడ తాగినవ్?"

"మా ఇంట్లనే. ఇంకా చానా ఉన్నది. అబద్ధమనుకుంటే మీరే వచ్చి చూడండ్రి!"

"చల్, పోదాం పా" అన్నాడు.

ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని కదా బావ అన్నాడు. ఎస్సైది మా ఊరు కాదు. జీపులో ముందు సీట్లో కూర్చుని, వైన్స్ ముందు నుంచి పోతుంటే రాజయ్య వైపు చూసి మీసం దువ్వాను. సరిగా మీసం లేదనుకోండి, ఉన్నంతలో దువ్వాను.

ఇంట్లో నాటుకోడి కూర ఘుమఘుమలాడుతోంది. మామ కుర్చీలో కూర్చుని గ్లాసు వైపు ప్రేమగా చూస్తున్నాడు. బావ అప్పుడే సీసా వంచబోతున్నాడు. నా వెనకాల ఖాకీ బట్టలు చూసి చెయ్యి గాల్లోనే బిగుసుకుపోయింది.

"దీని మీద మన లేబులేది?" అన్నాడు ఎస్సై.

బావ నాకు కన్ను కొట్టాడు. కంట్లో నలుసు పడిందనుకున్నాను. "మన లేబుల్ ఎందుకుంటది సార్? ఇది అసలు సరుకు, సీదా అమెరికా నుంచి వచ్చింది!" అన్నాను గర్వంగా.

"బిల్లున్నదా?"

"గిఫ్ట్‌కు బిల్లెవడిస్తడు సార్..." అన్నాడు బావ ఏడుపు గొంతుతో.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటి సీసాను పట్టడానికి ఈశ్వరుడెందుకు, ఇంటివాడు చాలు! పంచనామాకు సాక్షులు కావాలంటే ఎస్సై వెంట వచ్చిన కానిస్టేబుల్ పోయి ఎవరిని తెచ్చాడనుకున్నారు? రాజయ్యను! సీసాను వాసన చూసి, "అవ్ సార్, తమ్మి చెప్పింది నిజమే. వెనీలానే!" అని సంతకం పెట్టాడు. నా సంబంధం మంట్లో కలుస్తున్నా, ఫిర్యాదు నెగ్గినందుకు లోపల్లోపల ఈల వేశాను. మనిషి బుద్ధి!

ఎస్సై దయతలిచి, బావను గట్టిగా మందలించి, సీసా మాత్రం పట్టుకుపోయాడు. మామ ఖాళీ గ్లాసును బోర్లించి, కోడికూర తిని బస్సెక్కాడు. అక్క నాతో మాట్లాడటం మానేసింది. సుజాతను తలుచుకుని నేను అన్నం మానేశాను, ఒక పూట.

వారం తిరక్కముందే, ఇంకా మా ఇంట్లోనే ఉన్న అక్కకు వాళ్లత్త, అంటే సుజాత తల్లి, ఫోను చేసింది. నేనూ చెవి ఆనించాను.

"పిలగాడు ఇంట్ల సీసాను ఎస్సైకి పట్టిచ్చిండట?"

"తప్పయింది అత్తమ్మా, వానికి బుద్ధి లేదు..."

"తప్పేందే! మీ మామ సీసాలు ఎక్కడెక్కడ దాస్తడో ఎతకలేక ఇన్నేండ్ల సంది సస్తున్న. గసొంటోడే మా ఇంటికి అల్లుడు కావాలె. జల్దీ లగ్గం పెట్టుకోండ్రి!"

పెళ్లిలో మామ నా కాళ్లు కడుగుతూ, బ్యాండు మోతలో ఎవరికీ వినపడకుండా అడిగాడు: "అల్లుడా, గా సీసా రుచి ఎట్లుండెరా?"

ఆ పెద్దాయన ముఖం చూడలేక, ఏడడుగులకంటే ముందే పీటల మీద ఇంకో ప్రమాణం చేశాను. ఏ దుకాణంలో ఏ సరుకు లేకపోయినా కొట్లాడతాను. రాజయ్యను మాత్రం ఏ జన్మలోనూ క్షమించను. కానీ "మా ఇంట్ల ఉన్నది, వచ్చి చూడండ్రి" అనే మాట, అగ్నిహోత్రుడి సాక్షిగా, ఇక ఈ నోట రాదు!