దేవుడికి ఆరు, గవర్నమెంటుకి ఐదు

నా దగ్గర ఒక రేకుముక్క ఉంది. పాత కారు నంబరు ప్లేటు. తూకం వేస్తే పావుకిలో కూడా ఉండదు. పదకొండేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. ఇల్లు మారినప్పుడు మా ఆవిడ పాత సామానంతా తీసి పారేస్తుంటే, దీన్ని మాత్రం నా లుంగీలో చుట్టి తెచ్చుకున్నాను. ఏమిటది అని అడిగింది. పాత శాంపిలు అన్నాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. నా చేత్తో చేసినవాటిలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు.

మీరెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పాలని నోరు తెరిచిన ప్రతిసారీ వేరే మాట వచ్చింది. నా పేరు రాయను. అమలాపురంలో రేడియం స్టిక్కర్ల షాపు పెట్టుకుని బళ్ళ మీద పేర్లూ నంబర్లూ రాసి బతికినవాణ్ణి, అంత వరకు చాలు. ఇప్పుడు ప్లేట్లన్నీ ఒకే రకంగా తయారై వస్తున్నాయి, విప్పడానికి వీల్లేని బిగింపులతో. ఇక నా చేతితో పనిలేదు. షాపు మూసేసిన రోజున అందరూ పాపం అన్నారు. నాకు మాత్రం ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో నంబరంటే జనానికి ఉత్త నంబరు కాదు. 8055 వచ్చినవాడు దాన్ని ఇంగ్లీషులో 'బాస్' అని చదివేలా రాయమనేవాడు. పెద్దబ్బాయి పేరు నంబరు కన్నా పెద్దదిగా రాయించుకుని, నంబరుని మూలకి తోసేసినవాళ్ళున్నారు. అన్నిటికన్నా పెద్ద పిచ్చి టోటలు. అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలి. ఎనిమిది వచ్చిందో, శని అన్నమాటే. ఎనిమిది వచ్చిందని కొత్త బండిని నెలరోజుల పాటు షెడ్డులోంచి బయటికి తియ్యనివాళ్ళు నాకు తెలుసు. అంకె ఎంత ఎత్తుండాలో, ఎంత మందం ఉండాలో, వంకర టింకర రాతలు ఎందుకు కూడదో అచ్చువేసిన కాగితం ఒకటి నా షాపు గోడకి నేనే అంటించాను. అది కళ్ళెదుట ఉండగానే వంకరలు తిప్పేవాణ్ణి. ఎవరైనా చూపిస్తే, అది పోలీసులొచ్చినప్పుడు చదువుకోడానికి అని నవ్వేవాణ్ణి. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన కొత్తపేట వైపు మనిషి. కొబ్బరి వ్యాపారి. చెడ్డవాడని చెప్పలేను. కొత్త తెల్ల కారు కొన్నాడు. సిరీస్ అక్షరాలు ఇక్కడ రాయను గానీ, నంబరు 4715. కూడితే పదిహేడు. ఒకటీ ఏడూ ఎనిమిది. మనిషి మొహంలో నెత్తురుచుక్క లేదు. నంబరు నేనెలా మారుస్తానండీ, అది గవర్నమెంటు ఇచ్చింది కదండీ అంటే, మార్చొద్దు, ఐదుని కాస్త ఆరు చెయ్యి, అంతే అన్నాడు. ఆరయితే పద్దెనిమిది. టోటలు తొమ్మిది.

"దగ్గరికొచ్చి చూసేవాడికి ఐదవ్వాలి. దూరం నుంచి దణ్ణం పెట్టేవాడికి ఆరవ్వాలి. దేవుడికి ఆరు, గవర్నమెంటుకి ఐదు. ఏమంటారు మేస్త్రీ గారూ?" అన్నాడు.

ఎంత ముచ్చటగా అనిపించిందో ఆ మాట. ఆ రోజంతా దాన్నే అనుకుంటూ బ్లేడు పట్టాను. ఐదు అంకెకి పైనుండే అడ్డగీతని కురచ చేసి, మూలని గుండ్రంగా తిప్పాను. పొట్ట కిందనుంచి తోకని పైకి లాక్కెళ్ళి, గోరు పట్టేటంత సందు మాత్రం వదిలాను. చట్టం కోసం ఆ సందు. మూడుసార్లు కోసి మూడుసార్లు పారేశాను. నాలుగోసారి కుదిరింది. రోడ్డుకి అవతల టీ కొట్టు దగ్గర నిలబెట్టి ఒక్కొక్కళ్ళనీ అడిగాం. ఆరు అన్నారు. అందరూ ఆరే అన్నారు. దగ్గరికి పిలిచి చూపిస్తే ఓరినీ, ఐదండోయ్ అని నవ్వారు. ఆయన నా భుజం తట్టాడు. నేను పొంగిపోయాను. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానన్న మాట నాకు మిగలకూడదు. పది అడుగుల దూరం నుంచి అది ఆరని నాకు తెలుసు. సాక్షులని పెట్టుకుని మరీ తెలుసుకున్నాను.

తరవాత ఒక మధ్యాహ్నం, బండారులంక నుంచి మోపెడ్ మీద వస్తున్న మొగుడూ పెళ్ళాలని కాలవ గట్టు మీద ఒక తెల్ల కారు కొట్టేసి ఆగకుండా పోయింది. నేతపని వాళ్ళు. నేసిన చీరలు షావుకారుకి అప్పజెప్పడానికి వస్తున్నారు. ఆయన రెండోరోజుకి పోయాడు. ఆవిడకి చెయ్యి విరిగింది. ఆవిడ పేరు కూడా రాయను, సత్యవతి గారు అనుకోండి. రోడ్డు పక్కన పడి ఉండి కూడా ఆవిడ వెళ్ళిపోతున్న కారు నంబరు చూసింది. 4716. విరిగిన చేత్తోనే మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, మరిచిపోకుండా ఆ నాలుగంకెలే పైకి అనుకుంటూ కూర్చుందట, జనం వచ్చేదాకా.

ఆ నంబరు ఎప్పుడో తుక్కుకి పోయిన స్కూటరుది. చివరి అంకె ఐదేమో, ఎనిమిదేమో, సరిగ్గా గుర్తుతెచ్చుకోమ్మా అని పోలీసులు అడిగారట. కాదు, ఆరే అంది. ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా ఆరే అంది. నిజమే చెప్పింది కదా మరి. ఆ నిజమే దారి మూసేసింది. ఇవన్నీ షాపుకొచ్చినవాళ్ళ మాటల్లో విన్నాను, అయ్యో అన్నాను. నమ్మండి, రోజుకి పది నంబర్లు రాసేవాణ్ణి, అప్పటికింకా నా బుర్రకి తట్టలేదు.

ప్రమాదం జరిగిన నాలుగో రోజున కొబ్బరి వ్యాపారి వచ్చాడు. కారులో కాదు, ఆటోలో. తువ్వాలులో చుట్టిన ప్లేట్లు నా బల్ల మీద పెట్టాడు. రూల్సు గట్టి చేశారట, మామూలు ఐదు రాసెయ్యి, పాతవి తుక్కులో పడెయ్యి అన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు. ముందు ప్లేటు ఒక మూల మడతపడి ఉంది. మడతలో మట్టి. జనం మాటల్లో విన్న 4716 అప్పుడు గుర్తొచ్చింది. ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది కదా. కొత్త ప్లేట్లు చేసి ఇచ్చాను, గోడ మీద కాగితంలో ఉన్నట్టే, ఎత్తూ మందమూ తప్పకుండా. జీవితంలో మొదటిసారి చట్టప్రకారం చేసిన ప్లేటు అదే కాబోలు. వెనక ప్లేటు విరిచి తుక్కులో వేశాను. ముందుది వెయ్యలేకపోయాను. ఎప్పటికైనా చూపించాలని దాచానా? బాగా కుదిరిన పని కాబట్టి దాచానా? ఈ రెంటిలో ఏది నిజమో తేల్చుకోవడం నావల్ల కాలేదు.

నెల దాటాక ఆవిడ నా షాపుకి వచ్చింది.

చేతికి కట్టు ఇంకా ఉంది. మెట్టు కిందే నిలబడింది, రమ్మంటే లోపలికొచ్చింది. నోట్‌బుక్‌ కాగితం ఒకటి మడత విప్పి బల్ల మీద పెట్టింది. 4716. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి.

"అన్నయ్యగారూ, మీరు బళ్ళకి నంబర్లు రాస్తారటండీ. ఒక్క మాట అడగొచ్చాండీ?"

"అడగమ్మా."

"నేను చూసింది ఆరండీ. అందరూ నువ్వు తప్పు చూసేవు, తప్పు చూసేవు అంటన్నారు. పోగుల్లెక్కలో ఇప్పటిదాకా ఒక్క పోగు తప్పలేదండీ నేను. అంచుకి ఎన్ని పోగులో కళ్ళతోనే చెప్పేస్తానండీ. మరి అలా ఎలా తప్పు చూస్తానండీ? రాసేవాళ్ళు రాయడంలోనే, వేరే అంకె ఏదైనా ఆరులా కనపడేలాగ రాస్తారాండీ? ఐదు గానీ, ఎనిమిది గానీ?"

ఆవిడ వెనక గోడ మీద నిబంధనల కాగితం. నా వెనక అటక మీద, న్యూస్‌పేపరులో చుట్టిన ప్లేటు. నేను చెయ్యి చాపితే అందేది.

ఆ క్షణంలో నాకు మొదట ఏమనిపించిందో చెప్పాలి. ఇదొక్కటీ దాస్తే మిగతాదంతా చెప్పి లాభం లేదు. భయం కాదు మొదట అనిపించింది. ప్రాణం పోయే మనిషిని ఒళ్ళో పెట్టుకుని ఉన్నావిడ కూడా దాన్ని ఆరని చదివిందంటే, అంకె ఎంత బాగా కుదిరిందో కదా అనిపించింది. కన్ను మూసి తెరిచేటంత సేపు. అంతే. ఆ తరవాతే భయం, అదీ ఇదీ. కానీ ముందు వచ్చింది అది. మనిషినేనా నేను?

"లేదమ్మా," అన్నాను. "ఐదు ఐదే, ఆరు ఆరే. రూలు ప్రకారమే రాస్తాం. చూడు, కాగితం కూడా ఉంది."

ఆవిడ వెనక్కి తిరిగి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. అక్షరాలు రావేమో, అందులో బొమ్మ వేసి ఉన్న అంకెల మీద మాత్రం వేలు పెట్టి జరుపుకుంటూ పోయింది. ఐదు దగ్గర ఆగింది. ఆరు దగ్గర ఆగింది.

"ఆయ్," అంది. "అయితే నేనే తప్పు చూసేనన్నమాటండీ. కళ్ళు చీకట్లు కమ్మేసుంటాయండీ. పనిలో ఉన్నవారిని ఆపేసేను, ఏమనుకోకండేం అన్నయ్యగారూ."

కాగితం మళ్ళీ అవే మడతల మీద మడిచి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. పిలవచ్చు. రోడ్డు దాటేదాకా కనిపిస్తూనే ఉంది. నేను బ్లేడు తీసుకుని ఎవరిదో పేరు కోయడం మొదలుపెట్టాను.

ఔనమ్మా, రాస్తారు అని ఒక్క ముక్క అంటే చాలు. ఎవరి కోసం రాశానో చెప్పక్కర్లేదు. ఐదు ఆరులా కనిపించొచ్చు అంటే చాలు, ఆవిడ మళ్ళీ వెళ్ళి అడిగేది, ఐదు నంబరు బండిని వెతికేవాళ్ళు. ఇదంతా అప్పుడే తెలుసు నాకు. గోడ మీది కాగితం ఎందుకు పుట్టిందో కూడా ఆ రోజే అర్థమైంది. బండి కొనుక్కున్నవాడి కోసం కాదు. రోడ్డు మీద పడిపోయి, వెళ్ళిపోతున్న బండిని ఒక్కసారి మాత్రమే చూడగలిగే మనిషి కోసం. ఆ మనిషి నా ముందు నిలబడితే, ఆ కాగితాన్నే అడ్డం పెట్టుకుని అబద్ధమాడాను.

భయపడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఆయన పెద్ద మనిషి, నన్నూ లాగుతారు, పిల్లలు చిన్నవాళ్ళు అని. రెండేళ్ళ కిందట ఆయన గుండె ఆగి పోయాడు. పిల్లలు స్థిరపడ్డారు. షాపు లేదు. భయపడడానికి ఏమీ మిగల్లేదు. అయినా వెళ్ళలేదు. అప్పుడు తెలిసింది, అది భయం కాదని. మరేమిటి? ఆవిడ తిడుతుందనా? తిట్టదు. మళ్ళీ 'ఆయ్' అంటుంది, మిమ్మల్ని నిలబెట్టేసేను అన్నయ్యగారూ అంటుంది. దాన్ని తట్టుకోలేను.

ఈ కార్తీకంలో మా ఆవిడ చీర కావాలంటే బండారులంక వెళ్ళాం. మగ్గాలున్న ఇల్లు. చీరలు పరిచి చూపిస్తుంటే, వసారాలో ఒక మూల సత్యవతి గారు కూర్చుని కండెలకి దారం చుడుతోంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నేత నేయడం లేదా అని ఇంటావిడని మెల్లగా అడిగాను. ఆవిడ చెప్పింది, అంచు పోగులు లెక్కపెట్టడంలో ఈ చుట్టుపక్కల సత్యవతి గారంత మనిషి లేదట. మొగుడు పోయాక మగ్గమే ఎక్కలేదట. ఎవరైనా పోగులు చూడమని బతిమాలితే, "నా లెక్క నమ్మకండమ్మా, మా ఆయన ప్రాణం దగ్గరే తప్పు చెప్పినదాన్ని" అంటుందట.

అరుగు మీద కూర్చుండిపోయాను. ఎండకి కళ్ళు తిరిగాయనుకుని, సత్యవతి గారే లేచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "నంబర్లు రాసే అన్నయ్యగారు కదండీ? బాగున్నారాండీ?" అంది. తాగాను. ఆవిడ చేతి నీళ్ళు చివరిదాకా తాగాను. గ్లాసు ఇచ్చి, బాగున్నానమ్మా అని వచ్చేశాను.

మొగుణ్ణి చంపింది కారు. కానీ ఆవిడ కళ్ళనీ, ఆవిడ లెక్కనీ ఆవిడ దగ్గర్నుంచి లాగేసుకున్నది నేను. పదకొండేళ్ళుగా ఆ మనిషి మొగుడి చావుకి న్యాయం జరగకపోవడానికి తనే కారణం అనుకుంటూ బతుకుతోంది. ఏడుస్తూ రాస్తున్నాను. ఇన్నాళ్ళూ ఏడుపు కూడా రాలేదు, ఇది రాయడం మొదలుపెట్టాకే వచ్చింది.

ఇందాక ప్లేటు బయటికి తీశాను. మూల మడత అలాగే ఉంది. కిటికీ ఊచలకి ఆనించి, పది అడుగులు వేసి గేటు దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగాను. కోసింది నేనే. సందు ఎక్కడుందో తెలుసు. తెలిసి చూసినా నా కళ్ళకి అదే కనపడింది.

ఈ ప్లేటు తీసుకుని బండారులంక వెళ్ళగలనో లేదో, నా గురించి నాకు తెలిసినంతలో, గట్టిగా చెప్పలేను. వెళ్తే అనాల్సిన మాట మాత్రం ఇది. ఇప్పటిదాకా గాలిలో కూడా అనలేదు. మొదటిసారి మీ ముందు అంటున్నాను.

సత్యవతి గారూ, అది ఆరేనండీ. మీరు సరిగ్గానే చూశారు.