ఆ పూట ఘాటు రాని మిరపకాయలు

గాలి సోకింది, దెయ్యం పట్టింది అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా మా పొయ్యి దగ్గర జరిగినదానికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

మాది గుంటూరు పక్క మిరప పండించే ఊరు. కళ్లంలో కాయలు ఆరబోసిన రోజుల్లో మా ఏడేళ్ల లహరి అన్నం తింటూ తింటూ మూతి ఒక పక్కకు లాగేసి, చెయ్యి కొట్టుకుంటూ పడిపోయింది. మూర్ఛ అన్నారు. ఆ తర్వాత నిద్రపోదు. ఊరికే నవ్వుతుంది. ఒక పొద్దున నన్ను పట్టుకుని "నువ్వెవరు?" అంది. కన్నతల్లిని!

దగ్గర్లోని ఆసుపత్రిలో స్కానింగ్ తీసి అంతా బాగుందన్నారు. ఫిట్స్ మాత్రలు వాడినా తగ్గలేదు. బడి ఎగ్గొట్టడానికి నాటకమేమో అన్నాడు అక్కడి డాక్టరు. ఆ మాటకు ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను.

ఇక గుంటూరు తీసుకెళ్దామని బయల్దేరుతుంటే, దిష్టి తీసి పంపిద్దామంది మా అత్తయ్య. మా వైపు అందరూ చేసేదే. ఎండుమిరపకాయలు పిల్ల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే తగిలినట్టు.

అవి ఇంట్లో బస్తాలోంచి తీసిన మా చేలో కాయలే. వాటిని ఏరి ఏరి నా వేళ్లు మండిపోయి ఉన్నాయి. అలాంటి కాయలు గుప్పెడు మాడి బొగ్గయ్యాయి. పొగ నా మొహానికే కొట్టింది. ఒక్కరికి తుమ్ము రాలేదు, దగ్గు రాలేదు.

"చూశావా అమ్మాయ్? ఇది డాక్టర్ల పని కాదు. పిల్లని గడప దాటించొద్దు" అంది అత్తయ్య. మా ఆయన బ్యాగు లోపల పెట్టేశాడు. నేను అరిచాను, ఏడ్చాను. ఎవరు విన్నారు? తాయెత్తు కట్టారు, వేపమండలతో కొట్టించారు. రోజులు గడిచేకొద్దీ ఫిట్స్ ఎక్కువయ్యాయి. పిల్లకు మాట పడిపోయింది.

చివరికి మా అన్నయ్యను ఆటో తెమ్మన్నాను. ఎక్కేముందు కడుపుమంట ఆగక, అదే బస్తాలోంచి గుప్పెడు తీసి అదే పొయ్యిలో కొట్టాను. వీధి వీధంతా దగ్గింది. "ఘాటొచ్చిందిగా, దిష్టి పోయింది. ఇంకెందుకే ఆసుపత్రి?" అంది అత్తయ్య దగ్గుతూనే. ఆమెకేసి చూడకుండా ఆటో ఎక్కాను.

గుంటూరు బ్రాడీపేటలో డాక్టరమ్మ వెన్నులోంచి నీరు తీయించి పరీక్షకు పంపింది. రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలే దారి తప్పి పిల్ల మెదడు మీద పడ్డాయట. దానికి మందు కూడా ఉందట! "ఇన్నాళ్లు ఎందుకాగారమ్మా?" అని అడిగింది. మిరపకాయల ఘాటు రాలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మందులకు ఫిట్స్ ఆగాయి. లహరి మళ్లీ అమ్మా అంటోంది. కానీ మాట మధ్యలో ఆగిపోయి, తర్వాతి మాట కోసం నా మొహంలో వెతుక్కుంటుంది. ముందే తీసుకొచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో అంది డాక్టరమ్మ.

ఆ కాయలు ఆ పూట ఎందుకు ఘాటెక్కలేదో నాకు తెలియదు. తెలిసినవాళ్లుంటే చెప్పండి, వింటాను. నాకు తెలిసింది ఒక్కటే. ఆ పూట ఇంట్లో ఎవరైనా ఒక్కసారి దగ్గి ఉంటే, దిష్టి కాదు, ఇది డాక్టర్ల పనేనని మా అత్తయ్యే పిల్లను చంకనేసుకుని నాకంటే ముందు ఆసుపత్రికి పరిగెత్తేది.