నీళ్లు తేరాయా అండీ?

పెడనలో కలంకారీ అద్దకం పనిచేసే ఆయన్ని నేను చూసింది ఒక్క పూటే, బందరు ఆసుపత్రిలో. మావి పక్కపక్క మంచాలు. ఇద్దరికీ పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ. బడిలో ఎప్పుడూ వెనక బెంచీవాణ్ణే కాబట్టి, ఈ పరీక్ష కూడా నాకు వెనక నుంచే వచ్చింది.

నేను బాత్రూముకి వెళ్లొచ్చినప్పుడల్లా ఆయన అడిగేది ఒకటే. "నీళ్లు తేరాయా అండీ?"

పేగు కడిగే మందునీళ్లు సగం తాగి, వాంతికి భయపడి మిగతావి సింకులో పోసేశాను. నర్సమ్మకి మాత్రం అన్నీ తాగేశానన్నాను. ఆయనకీ అదే చెప్పబోయాను. కానీ సెలైన్ సూది గుచ్చిన చేత్తోనే, రంగు పట్టిన ఎర్రటి వేళ్లతో మంచం అంచు పట్టుకుని ఆయన నా జవాబు కోసం ముందుకి వంగడం చూసి నిజం చెప్పేశాను.

ఆయన నా మంచం వైపు జరిగారు. "కాలవలో గుడ్డని నీళ్లు తేరేదాకా జాడిస్తామండీ. మధ్యలో ఆపితే కనిపించే మచ్చ గుడ్డదో మురికిదో తెలీదు. పోయినసారి నేనూ మీలాగే అబద్ధం చెప్పాను. లోపల మురికికి ఏమీ కనపడలేదని వెనక్కి పంపేశారు. రక్తం ఎందుకు పడుతోందో ఇంకా తెలీదు. భయపడిందంతా మళ్లీ మొదట్నుంచి భయపడుతున్నానండీ."

నర్సమ్మని పిలిచి ఒప్పుకున్నాను. "చదువుకున్నోళ్లూ ఇంతేనా మావయ్యగారూ!" అని నన్ను కసిరి, మరో సీసా మందునీళ్లు కలిపిచ్చింది. నా పరీక్ష మధ్యాహ్నానికి వాయిదా పడింది.

ఈలోగా ఆయన్ని పిలిచారు. "మత్తిస్తారంట, ఏమీ తెలీదంట, భయపడకండి," అని నాకు ధైర్యం చెబుతూ లేచారు. అలా చెబుతూ పట్టుకున్న నా చేతిని మాత్రం, నర్సమ్మ వచ్చి విడిపించేదాకా వదల్లేదు.