ఇసుకలో ముందు సీటు

మొన్న ఉదయం ముసఫ్ఫాలో మా సర్వీస్ సెంటర్ షట్టర్ ఎత్తానో లేదో, పచ్చి పెట్రోలు వాసన లోపలికి వచ్చింది. ఇప్పటి కార్లకు ఆ వాసన ఉండదు. ఎండకు కాగిన రెగ్జిను, సీటులో ముక్కిపోయిన పాత దూది, సగమే కాలిన పెట్రోలు కలిస్తే వచ్చే వాసన అది. తల ఎత్తి చూస్తే గుమ్మం ముందు పొడవాటి పాత కారు ఒకటి ఆగి ఉంది. స్టీరింగ్ ముందు ఒక ముసలాయన, దిగాలా వద్దా అన్నట్టు కూర్చున్నాడు. మా కంప్యూటర్‌లో ఆ మోడల్ పేరే లేదు. అద్దాల గదిలోంచి మా మేనేజరు చెయ్యి ఊపాడు, పంపించెయ్ అని. నేను కూడా పంపించడానికే బయటికి నడిచాను. కానీ ఆ వాసన నన్ను నాలుగు అడుగులకే షార్జాకి, యాదన్న దగ్గరికి లాక్కుపోయింది.

యాదన్న అంటే యాదగిరి. కోరుట్ల దగ్గర ఒక పల్లెటూరు ఆయనది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నేను పనిచేసిన గరాజుకి ఆనుకుని ఉన్న కొట్లో కారు సీట్లు కుట్టేవాడు. నేనేమో గరాజు ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల కార్లకున్న రోగాలు రాసుకునేవాణ్ణి. భీమవరం వాణ్ణి, పైగా ఒంటి నిండా తొందర. ఎదుటివాడు నోరు తెరవగానే సగం మాటలో అందుకుని, "బ్రేకులేగా, సాయంత్రం రండి" అని పంపేసేవాణ్ణి. గోడకి అవతలి నుంచి యాదన్న వింటూ ఉండేవాడు. ఒకరోజు నోట్లో దారం కొరుకుతూ వచ్చి నిలబడి, "నీకేమన్న రైలు పోతున్నదా తమ్మీ?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు ఆయనే చాయ్ పట్టుకొచ్చి ఇస్తే ఆ మంట కాస్తా చల్లారింది. ఆయన మీద కోపం నిలబెట్టుకోవడం ఎవరికీ చేతనయ్యేది కాదు.

కరోనా ఆంక్షలు సడలిన తర్వాత వచ్చిన మొదటి చలికాలంలో, శుక్రవారం పొద్దున్నే పికప్ బండి తోలుతావా అని అడిగాడు. మా ఆవిడ గ్రేస్ నర్సు. శుక్రవారాలు ఆమెకి డ్యూటీ, నాకు ఖాళీ. ఏం మోసుకెళ్లాలి అంటే, కొట్టు వెనక దుప్పటి కప్పి ఉన్న ఒక సీటు చూపించాడు. పాత అమెరికన్ కార్లలో ముందు వరసలో రెండు సీట్లు విడివిడిగా ఉండవు, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే సోఫాలాగా ఉంటుంది. అలాంటి సీటు అది. మెరూన్ రంగు, తెల్లదారం కుట్టు. ఇద్దరం ఆపసోపాలు పడి ఎక్కించాం. ముప్పై ఏళ్లుగా కార్ల మధ్యే బతికినవాడికి కారూ లేదు, లైసెన్సూ లేదు. అందుకే ప్రతి ఏడూ ఎవరో ఒకరిని ఇలా పట్టుకునేవాడట. ఆ ఏడు నేను దొరికాను.

ఊరి చివర ఒక ఇసుక మైదానానికి పోయాం. అక్కడ చలికాలమంతా శుక్రవారం ఉదయాలు పాత కార్ల వాళ్లు చేరేవారు. కార్లు వరసగా నిలబెట్టి, బోనెట్లు ఎత్తి, నేల మీద పట్టాలు పరిచి పాత సామాన్లు పెట్టేవారు. అక్కడి పద్ధతి వస్తువుకి వస్తువు. నువ్వొక అద్దం ఇస్తే నేనొక హారన్ ఇస్తాను. ఆ స్థలం అబూ రాషిద్ అనే ఎమిరాతీ పెద్దాయనది. ఆయన కూడా తన నీలం పికప్ వేసుకొచ్చి అందరిలో ఒకడిగా తిరిగేవాడు. యాదన్న తన సీటుని మైదానం నడుమ ఇసుకలో వేయించి, కుడివైపు చివర కూర్చున్నాడు. ఇక్కడి కార్లకి స్టీరింగ్ ఎడమవైపు కదా, అది పక్కవాడు కూర్చునే వైపన్నమాట. అదేంటన్నా ఆ మూల అంటే, "బండి లేనోని జాగ గిది" అని నవ్వాడు.

ఆ సీటుకి ఒక నియమం ఉంది. ఏ సామాను కావాలన్నా ముందు వచ్చి స్టీరింగ్ వైపు కూర్చోవాలి, తన కారు కథ చెప్పాలి. ఎక్కడ దొరికింది, ఎవరిది, ఎన్నిసార్లు దారిలో ఆగిపోయింది, ఆగినప్పుడు ఇంట్లోవాళ్లు ఏమన్నారు, అన్నీ. ఆ తర్వాతే యాదన్న లేచి, ఆ సామాను ఎవరి పట్టా మీద ఉందో చూపించేవాడు. మొదటి వారమే ఖాన్ చాచా అని ఒక ముసలి పఠాను డ్రైవరు వచ్చి కారు అద్దం దించే హ్యాండిల్ ఉందా అని నన్ను అడిగాడు. లేదని నేను చెప్పబోతుంటే యాదన్న నా మోకాలు నొక్కి, "పహలే కహానీ, చాచా" అన్నాడు. చాచా కూర్చున్నాడు. కథ చెప్పాడు. ఆ కారులోనే కూతుర్ని మొదటిసారి బడికి దింపాడట, ఆ పిల్ల అద్దం పైకీ కిందికీ తిప్పి తిప్పి హ్యాండిల్ విరగ్గొట్టిందట. ఇప్పుడు ఆమెకే పిల్లలు. చాయ్ చల్లారిపోయింది. చివరికి హ్యాండిల్ దొరకనే లేదు. అయినా ఆయన యాదన్నని కావలించుకుని వెళ్లాడు.

"అదేంటన్నా, ఆయనకి కావలసింది దొరకలేదుగా. అంత సంబరం దేనికీ?" అన్నాను.

"సామాను ఇయ్యాల గాకపోతె వచ్చే జుమ్మాకు దొరుకుతది. ఇనెటోడు యాడ దొరుకుతడు తమ్మీ?" అన్నాడు.

అయినా నాకు ఎక్కలేదు. టైమ్ వేస్ట్ అనే అనుకున్నాను. సీటు అలా ఎందుకు, నాలుగు కుర్చీలు ఎదురెదురుగా వేస్తే మాట్లాడుకోవడం తేలిక కదా అని ఒక సలహా కూడా పడేశాను. ఆయన దాన్ని నిజంగానే కాసేపు ఆలోచించి, "ఎదురుంగ కూసుంటె బేరమైతది. పక్కపొంటి కూసుంటె ముచ్చటైతది" అన్నాడు. తర్వాత నేను గమనించడం మొదలుపెట్టాను. నిజమే, ఆ సీటు మీద కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఇద్దరూ ముందుకి, రోడ్డు ఉన్నట్టుగా, ఇసుకకేసి చూస్తూ మాట్లాడతారు. లేబర్ క్యాంపులో, ఆఫీసులో ఎవరితోనూ అనని మాటలు అక్కడ అనేవారు. మా నాన్న పోయినప్పుడు ఊరు వెళ్లలేకపోయిన సంగతి నేను మొదటిసారి నోరు విప్పి చెప్పింది కూడా ఆ సీటు మీదే.

తర్వాత చలికాలాల్లో జనం పలచబడ్డారు. కొందరు పాతవాళ్లు ఉద్యోగాలు పోయి దేశం వదిలారు, పోతూ పోతూ కార్లు అమ్ముకున్నారు. సామాన్లు ఫోన్‌లో వెతికితే ఇంటికే వస్తున్నాయి. వీటన్నిటికీ తోడు దేశంలో వారాంతపు సెలవులు మారాయి. దుబాయ్ నుంచి వచ్చేవాళ్లకి శుక్రవారం ఉదయం పని పడింది. ఆదివారం పెడదామని వాళ్లు, శుక్రవారమే ఉండాలని గరాజుల వాళ్లు. పెద్ద పంచాయితీ జరిగి, అందరికీ న్యాయం చేద్దామని ఒక వారం శుక్రవారం, ఒక వారం ఆదివారం అని తీర్మానించారు. అంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఏ వారం ఏ రోజో ఎవరికీ గుర్తుండేది కాదు. ఖాన్ చాచా వరసగా కొన్నిసార్లు తప్పు రోజున వచ్చి, ఉత్త ఇసుకని చూసి వెళ్లిపోయి, ఇక రావడమే మానేశాడు. ఆదివారాలు యాదన్నకి కొట్టు ఉండేది, కాబట్టి ఆ రోజుల్లో మైదానంలో సీటు ఉండేది కాదు. కార్ల వాళ్లు వచ్చినా కాసేపు నిలబడే పోయేవారు.

ఒక శుక్రవారం అబూ రాషిద్ వచ్చి, ఉన్న కొద్ది కార్లనీ చూసి, "యాదా, యే లాస్ట్ సీజన్" అన్నాడు. ఎవరో కంటైనర్లు పెట్టుకోవడానికి స్థలం అడుగుతున్నారట. కొడుకులు ఇచ్చేద్దామంటున్నారు. "బండ్లు మునుపటిలా వస్తే ఆపుతాను. లేకపోతే చలికాలం అవగానే ఖలాస్" అని తన హిందీలో చెప్పాడు. అదే నెలలో యాదన్న కంపెనీ కూడా ఆయనకి వయసైపోయిందని, ఈసారి వీసా పొడిగించేది లేదని చెప్పేసింది. అంటే ఆ మైదానం కథ, ఇక్కడ యాదన్న కథ ఒకేసారి ముగిసిపోబోతున్నాయి. తిరుగు ప్రయాణంలో పికప్‌లో ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "నేను పోయేది పోతగని తమ్మీ, ఒక్క జుమ్మా జాగ నిండుగ సూసి పోవాలెనని ఉన్నది. గది నిలవడ్డదంటె నేనీడ ఉన్నట్టే" అన్నాడు. బండి తోలమనడం తప్ప అంతకుముందు నన్ను ఆయన ఏదీ అడిగింది లేదు.

ఇంక నా తొందరకి ఒక పని దొరికింది. ఫలానా శుక్రవారం అందరూ రమ్మని వాట్సాప్ గుంపులన్నిటిలో పెట్టాను. ఫొటోలు తీసి, రీలు చేసి, తెలిసినవాడి చేత ఇంగ్లీషులో, అరబ్బీలో రాయించాను. అనుకున్న శుక్రవారం నిజంగానే మైదానం నిండిపోయింది. పాత కార్లు కొన్నే, కొత్తవి బోలెడు. మోత మోగించే సైలెన్సర్లు, పాటలు, డ్రోను. అబూ రాషిద్ కొడుకులు కూడా వచ్చి ఆశ్చర్యపోయారు. నేను కాలరెగరేసుకుని యాదన్న కోసం చూస్తే, ఆయన సీటు చివర ఒక్కడే కూర్చున్నాడు. ఒక కుర్రాడు వచ్చి బూటుకాలు సీటు మీద ఆనించి ఫొటో దిగి, థాంక్యూ అని పోయాడు. యాదన్న జేబులోంచి దస్తీ తీసి ఆ మరక తుడిచాడు. మధ్యాహ్నానికి మైదానం ఖాళీ. ఒక్క అద్దం, ఒక్క హారన్ చేతులు మారలేదు.

"చూశావా అన్నా, నిండిందా లేదా?" అన్నాను, మాట ఆయన నోటి నుంచే రావాలని.

"అచ్చిండ్రు" అన్నాడు మెల్లగా. "గని ఎవ్వలు కూసోలే తమ్మీ."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన నన్ను తప్పుపట్టలేదు, వీపు మీద చెయ్యి వేసి, సీటు ఎక్కిద్దాం పట్టు అన్నాడు. మరుసటి వారం మళ్లీ మామూలే. రీలు చూసినవాళ్లు ఇంకో రీలు దగ్గరికి పోయి ఉంటారు.

చివరి శుక్రవారం నాలుగైదు కార్లకు మించి లేవు. ఎక్కణ్ణుంచి విన్నాడో, ఖాన్ చాచా ఆ రోజు మాత్రం తప్పకుండా వచ్చాడు. యాదన్న ఎప్పటిలాగే కుడి చివర కూర్చున్నాడు. అబూ రాషిద్ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడి, "యాదా, ఇన్నేళ్లు అందరి కారు కథా విన్నావు. ఈరోజు నీ కథ చెప్పు. ఆ వైపు జరుగు" అని స్టీరింగ్ వైపు చూపించాడు. అందరం చప్పట్లు కొట్టాం. యాదన్న జరగలేదు. "నాకు బండి యాడిది అర్బాబ్?" అన్నాడు. అర్బాబ్ అంటే ఇక్కడ యజమాని. పెద్దాయన కదలకపోయేసరికి చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పింది తన క్యాంపు హిందీలోనే. నాకు గుర్తున్నది మాత్రం ఆయన ఊరి మాటల్లోనే.

"నేను దుబాయ్‌ల దిగిన దినం. మావోళ్లందరిని కంపెనీ బస్సు ఎక్కించుకపోయింది. నా పేరు ఎవ్వలు పిలువలె. గోడపొంటి నిలవడ్డ. పొద్దు గూకవట్టె, భయం కావట్టె. గప్పుడు నాకు వీసా ఇచ్చిన కఫీలు తనే బండేసుకొని అచ్చిండు. నేను ఎన్క ఎక్కవోతుంటె చెయ్యి వట్టి తన పక్కన కూసోవెట్టుకున్నడు. గిదే సీటు. గీ పక్కకే. తొవ్వ పొడుగూత అరబ్బీల ఏందేందో చెప్పిండు. సముద్రం సూపెట్టె, మసీదు సూపెట్టె, నవ్వె. నాకు ఒక్క ముక్క సమజ్ గాలె. గని నాతోని మాట్లాడుతున్నడని సమజైంది. గా దినం నేను ఏడ్వలె అర్బాబ్. ఆయన సచ్చిపోయినంక బండిని తుక్కుకు ఇస్తుంటె, సీటు నాకియ్యుండ్రి అని అడుక్కున్న."

ఇన్నేళ్లూ ఆ మూల కూర్చున్నది బండి లేకపోవడం వల్ల కాదని అప్పుడు తెలిసింది. అబూ రాషిద్ ఇంకేమీ అనకుండా చుట్టూ తిరిగి వచ్చి, స్టీరింగ్ వైపు తానే కూర్చున్నాడు. కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఇసుకకేసి చూస్తూ, అరబ్బీలో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. యాదన్నకి ఇప్పుడు అరబ్బీ బాగానే వచ్చు. అయినా ఆ రోజు ఎంత విన్నాడో నాకు అనుమానమే. కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు అక్కడ కంటైనర్లు ఉన్నాయి. సీటుని అబూ రాషిద్ తన ఖర్జూరం తోటకి తీసుకుపోయాడు. యాదన్న కోరుట్లలో ఆటోలకీ ట్రాక్టర్లకీ సీట్లు కుడుతున్నాడు. అప్పుడప్పుడు చాలా పొడుగు వాయిస్ మెసేజీలు పెడతాడు. వాటిని నేను వేగం పెంచకుండా చివరిదాకా వింటాను. ఇక్కడి ఉద్యోగంలో చేరాక నా బల్లకి ఎదురుగా ఉన్న కస్టమర్ కుర్చీని తెచ్చి నా పక్కన వేసుకున్నాను. దీనివల్ల పని నెమ్మదిస్తోందని మా మేనేజరు రెండు మూడుసార్లు అన్నాడు. నెమ్మదిస్తున్న మాట నిజమే.

మొన్న ఆ పాత కారు దగ్గరికి వెళ్లేసరికి ముసలాయన కిటికీ అద్దం సగం దించి, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు గబగబా ఏదో అన్నాడు. పష్తోనో, బలూచీనో. ఒక్క ముక్క అర్థం కాలేదు. అద్దాల గదిలోంచి మా మేనేజరు ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. నేను కారు ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్లి, కుడివైపు తలుపు తీసి, ఆ పొడవాటి సీటు మీద ఆయన పక్కన కూర్చున్నాను. రెగ్జిను ఎండకి కాలిపోతోంది. తలుపు మూసి, ముందుకి చూస్తూ, "చెప్పండి" అన్నాను తెలుగులోనే. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.